సంజయుని చూపు ఆగిన చోట: శాంతిసేనానుల స్మృతిగ్రంథాలు

జనరల్ కె. ఎస్. తిమ్మయ్య కొరియాలో తాము నిర్వహించిన బాధ్యతను గూర్చి వ్రాసిపెట్టిన ‘ఎక్స్‌పెరిమెంట్ ఇన్ న్యూట్రాలిటీ’ అనే గ్రంథం 1981లో ఢిల్లీలో అచ్చయినది. అప్పటికి గ్రంథకర్త కన్నుమూసి పదిహేనేళ్లు దాటినవి. 1965 డిసెంబరు 18వ తేదీన సైప్రస్ ద్వీపంలో, ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు అధిపతిగా ఉన్న రోజులలోనే ఆయన మరణించారు. అందుచేత ఈ పుస్తకాన్ని గురించి ఎవరు ఏమి అడిగినా బదులు చెప్పడానికి వ్రాసినవారు లేరు. పుస్తకమే తన సాక్ష్యం తాను చెప్పుకోవలసి వచ్చినది. ఇటువంటి రచనలను సైనిక చరిత్ర అనే అరలో పెట్టి, అవి తమ పని కాదన్నట్లు సాహిత్యవిమర్శకులు పక్కకు తొలగడం మనలో పరిపాటి. యుద్ధం ముగిసిన నేలమీద నిలబడి, ఉభయపక్షాల మాటా విని, తాను చూచినది వ్రాసి పంపవలసిన మనిషి అవస్థ రచయిత అవస్థకు ఎంత దగ్గరదో గుర్తించినవారికి ఆ పరిపాటి సమంజసంగా తోచదు.

భారతకథలో యుద్ధాన్ని చూచి చెప్పే పని సంజయుడిది. వ్యాసుని అనుగ్రహం వల్ల కలిగిన దివ్యదృష్టితో ఆయన కురుక్షేత్రాన్ని ధృతరాష్ట్రునికి వినిపించినాడు. ఆ దృష్టికి ఒక గడువు ఉన్నదన్న సంగతి మాత్రం సాధారణంగా మన చర్చలలోకి రాదు. సౌప్తికపర్వంలో, దుర్యోధనుని మరణంతో ఋషి ఇచ్చిన ఆ చూపు తనకు పోయినదని సంజయుడే చెప్పుకొంటాడు. పోరు ముగిసినది, చూచేవాని కన్ను మూసుకొన్నది. ఆ తరువాత స్త్రీపర్వంలో రణభూమిని చూచేది గాంధారి. ఆమెది తల్లి చూపు. నూరుగురు కొడుకుల శవాల మీద వాలిన చూపు. దానికి పక్షం ఉండడం సహజం, ఉండకపోతే అది కావ్యమే కాదు. ఉభయపక్షాలలో దేనికీ చెందనివాడు యుద్ధానంతర భూమిని చూచి చెప్పడమనే ఘట్టానికి వ్యాసుడు గాని, మన తిక్కన సోమయాజి గాని తావు ఇవ్వలేదు. వారి కాలంలో అటువంటి ఉద్యోగం లేదు. ఇరవయ్యవ శతాబ్దం దానిని కల్పించినది.

1948లో పాలస్తీనాలో ఐక్యరాజ్యసమితి మొట్టమొదటిసారిగా సైనిక పరిశీలకులను నిలిపినది. 1949 జనవరిలో కొందరు పరిశీలకులు కాశ్మీరానికి వచ్చినారు. అంటే, పరుల కలహాన్ని చూడడానికి పోకముందే భారతదేశం పరుల చేత చూడబడిన దేశం. ఈ విషయం మన సేనానుల స్మృతులలో ఎక్కడో ఒకచోట మెరసి పోతుందే గాని నిలిచి వెలగదు. నిలిచి ఉంటే ఆ రచనలకు మరికొంత లోతు వచ్చి ఉండేది. 1958లో లెబనాన్‌లో, 1988లో ఇరాన్-ఇరాక్ సరిహద్దులో మన అధికారులు పరిశీలకులుగా పనిచేసినారు. 1954లో జెనీవా ఒప్పందాల తరువాత వియత్నాం, లావోస్, కాంబోడియాలలో కెనడా, పోలండ్ దేశాలతో కలిసి అంతర్జాతీయ సంఘాలకు అధ్యక్షత వహించినారు. కాని వీటన్నిటిలో రచనకు ఎక్కువ సామగ్రి ఇచ్చినది కొరియా. అక్కడ పరిశీలకుడు సరిహద్దు రేఖను మాత్రమే చూచి ఊరుకోవడానికి వీలులేకపోయినది. మనిషి మనసులో ఏమున్నదో చూడవలసి వచ్చినది.

సందర్భం క్లుప్తంగా ఇది. 1950 జూన్ 25న మొదలైన కొరియా యుద్ధం 1953 జూలై 27న పాన్‌మున్‌జాంలో కుదిరిన ఒడంబడికతో ఆగినది. సంధి రెండేళ్లు సాగి సాగి చివరకు చిక్కుకొన్నది ఒక్క ప్రశ్న దగ్గర: స్వదేశానికి పోనని చెప్పే యుద్ధఖైదీని ఏమి చేయవలె? దానికి పరిష్కారంగా స్వీడన్, స్విట్జర్లండ్, పోలండ్, చెకొస్లొవేకియా, భారతదేశం సభ్యులుగా తటస్థ దేశాల సంఘం ఒకటి ఏర్పడినది. అధ్యక్షత భారతదేశానిది, అధ్యక్షుడు తిమ్మయ్య. ఖైదీలను కాపాడే బాధ్యత కూడా ఒక్క భారత సైన్యానిదే. దానికి మేజర్ జనరల్ ఎస్. పి. పి. థోరట్ అధిపతి. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ భారత సైనికుడు తన గడ్డమీద కాలు మోపరాదని పట్టుపట్టినందున, ఇంచాన్ రేవు నుండి మన దళాలను హెలికాప్టర్లలో ఎక్కించి నిస్సైనిక మండలంలో దింపినారు. అక్కడ వెలసిన డేరాల ఊరికి హింద్‌నగర్ అని పేరు పెట్టుకొన్నారు. ఐక్యరాజ్యసమితి సేనలు అప్పగించిన ఖైదీలు 22,600 మంది పైచిలుకు; చైనా, ఉత్తర కొరియా పక్షం అప్పగించినవారు 359 మంది. ఈ రెండు అంకెల మధ్యనున్న వ్యత్యాసమే ఆ రాజకీయమంతటికీ మూలం.

ఒప్పందం ప్రకారం ప్రతి ఖైదీనీ ఒక గుడారంలోకి తీసుకొని రావలె. అతని స్వదేశపు ప్రతినిధులు అతనికి నచ్చజెప్పుతారు. ఐదు తటస్థ దేశాల వారు కూర్చొని వింటారు. గుడారానికి లోపల నుండి బయటికి పోవడానికి రెండు ద్వారాలు. ఒకటి స్వదేశానికి, రెండవది తిరిగి శిబిరానికి. మాట అక్కరలేదు, ఏ ద్వారం గుండా నడచిపోతే అదే అతని నిర్ణయం. కొందరు వచ్చీ రాగానే కేకలు వేసినారు, కొందరు నచ్చజెప్పేవారిమీదికి ఉరికినారు, కొందరిని సైనికులు చేతులు పట్టుకొని కూర్చోబెట్టవలసి వచ్చినది. తొంబది దినాలు సాగవలసిన ఈ కార్యక్రమం నిజంగా జరిగినది సుమారు పది దినాలు. శిబిరాల లోపల ఖైదీల మధ్య బలమైన నాయకత్వాలు ఏర్పడి ఉన్నవి. ఎవరు ఏ ద్వారం గుండా పోవలెనో గుడారానికి రాకముందే నిశ్చయమవుతున్నది. 1953 డిసెంబరులో సంఘం మధ్యంతర నివేదిక వ్రాసినప్పుడు భారత, పోలండ్, చెకొస్లొవేకియా ప్రతినిధులు ఈ నిర్బంధాన్ని ఒప్పుకొని వ్రాసినారు. స్వీడన్, స్విట్జర్లండ్ వేరుగా వ్రాసుకొన్నవి. ఖైదీ స్వేచ్ఛగా నిర్ణయించుకొన్నాడా లేదా అన్నదానిపై నిశ్చయంగా ఏమీ చెప్పలేమన్నది అధిక సంఖ్యాకుల అభిప్రాయం.

ఒక ప్రభుత్వ నివేదికలో ఇటువంటి ఒప్పుకోలు అరుదు. తిమ్మయ్య గ్రంథానికి విలువ తెచ్చేది కూడా ఇదే. ఆయన పుస్తకానికి పెట్టుకొన్న పేరును గమనించవలె. ‘ప్రయోగం’ అన్నారు గాని విజయం అనలేదు. ప్రయోగం ఫలించవచ్చు, ఫలించకపోవచ్చు. చేసినవాడు రెంటినీ వ్రాసిపెట్టవలసినదే. ఐదు దేశాల ప్రతినిధుల తర్జనభర్జనలను వివరించేటప్పుడు ఆయన రచన నెమ్మదిగా, ఒక్కొక్కప్పుడు విసుగు పుట్టించేటట్లు కూడా నడుస్తుంది. ఆ విసుగును తీసివేసి పుస్తకాన్ని పఠనీయం చేయాలని ఏ సంపాదకుడైనా తలపెడితే అది పొరపాటు. ఒక మనిషి విధి ఎన్ని ఓట్లతో, ఎన్ని నిబంధనల తాత్పర్యాలతో నలిగినదో తెలియవలెనంటే ఆ విసుగు పాఠకుడు అనుభవించవలసినదే.

థోరట్ మార్గం వేరు. ఆయన స్మృతిగ్రంథం ‘ఫ్రం రెవెలీ టు రిట్రీట్’ 1986లో వెలువడినది. సైనికుడికి తెల్లవారుజామున మోగే బూరధ్వని, సాయంకాలం పతాకం దింపేటప్పుడు మోగే బూరధ్వని, ఈ రెంటి నడుమ ఒక జీవితమని ఆ పేరుకు అర్థం. ఆ జీవితంలో కొరియా ఒక ప్రకరణం మాత్రమే. అయినా పుస్తకంలో పాఠకుడి మనసున నిలిచేది అదే. 1953 సెప్టెంబరు 25న చైనా ఖైదీలు తమ ఆవరణలోకి మేజర్ గ్రేవాల్ అనే భారతీయాధికారిని లాగి బందీ చేసినారు. థోరట్ తాము స్వయంగా కొద్దిమందితో ఆ ఆవరణలోకి నడిచిపోయి, మాటలతోనే ఆయనను విడిపించుకొని వచ్చినారు. ఈ ఘట్టం చెప్పేటప్పుడు థోరట్ కథకుడవుతారు. తన ధైర్యాన్ని గూర్చి చెప్పుకొనేవాడు సాధారణంగా రెండు తప్పులలో ఒకటి చేస్తాడు: గొప్పలైనా పోతాడు, వినయం నటించి అయినా విసిగిస్తాడు. ఆయన ఆ రెంటినీ తప్పించుకొన్నారు. అయితే ఆ ఖైదీలు ఎందుకు అంత కోపంతో ఉన్నారో, వారిని ఎవరు నడుపుతున్నారో, ఆ కోపం వెనుక ఎన్ని సంవత్సరాల ఇంటి బెంగ ఉన్నదో ఆ ఘట్టంలో కనపడదు. ముళ్లకంచె ఇవతలివాడు చెప్పిన కథ అది. ఎంత నిజాయితీగా చెప్పినా కంచె మధ్యనే ఉన్నది.

తిమ్మయ్యకు కొరియాలో కుడిభుజంగా ఉన్న బి. ఎం. కౌల్ 1967లో ప్రచురించిన ‘ది అన్‌టోల్డ్ స్టోరీ’లోనూ ఈ సంగతులు ఉన్నవి. కాని ఆ పుస్తకం 1962 తరువాత తనపై వచ్చిన నిందలకు సమాధానంగా వ్రాసినది. సమాధానం చెప్పుకొనేవాని కలం తటస్థంగా ఉండదు. దానిని ఇంతకన్న పరామర్శించనక్కరలేదు.

మన అధికారులలో పరిశీలక, శాంతిరక్షక విధులను గురించి ఎక్కువగా వ్రాసినవారు మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీ. ఆయన గాజాలో ఐక్యరాజ్యసమితి అత్యవసరసేనకు చివరి అధిపతి. 1967 మే 16 రాత్రి ఈజిప్టు సేనాపతి పంపిన లేఖ ఆయన చేతికి వచ్చినది: సరిహద్దు వెంట ఉన్న మీ కావలివారిని తీసివేయండి అన్నది దాని సారాంశం. మూడువారాలలోపల, జూన్ 5న, యుద్ధం మొదలైనది. ఇంకా తిరిగిరాని భారత సైనికులు 14 మంది ఆ కాల్పులలో చనిపోయినారు. వారు ఎవరితోనూ యుద్ధం చేయడం లేదు. 1980లో రిఖీ ప్రచురించిన గ్రంథం పేరు ‘ది సైనాయ్ బ్లండర్’. పేరులోనే తీర్పు ఉన్నది. తిమ్మయ్య పేరుతో దీనిని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రచనాశాఖలోని రెండు ధోరణులు తేటపడతవి. ఒకరు ఏమి జరిగినదో తేల్చుకోలేక వ్రాస్తారు, మరొకరు ఎవరి తప్పో తేల్చి వ్రాస్తారు. రిఖీ వాదన బలమైనదే. పత్రాలు, తేదీలు, గంటలు అన్నీ ఉన్నవి. కాని వాదన బలపడినకొద్దీ ఆ పద్నాలుగు మంది వెనక్కు పోయినారు. సాహిత్యదృష్టితో చదివేవారికి ఈ లోపం చిన్నదిగా తోచదు.

ఈ పుస్తకాలన్నీ ఆంగ్లంలో ఉన్నవి. తెలుగు చేయబూనినవారికి మొదట అడ్డుపడే మాట శీర్షికలోనే ఉన్నది. ‘న్యూట్రాలిటీ’కి మన పత్రికలు వాడుకచేసిన మాట తటస్థత. తటం మీద నిలిచినవాడు తటస్థుడు. ఒడ్డున ఉన్నవాడు, కాలు తడవనివాడు. హింద్‌నగర్‌లోని మన అధికారి ఒడ్డున లేడు. మొలలోతు నీటిలో ఉన్నాడు. మన పూర్వులు ఈ విషయంలో మనకంటె సూక్ష్మంగా ఆలోచించినారు. గీత ఆరవ అధ్యాయంలో ఉదాసీనుడు, మధ్యస్థుడు అని రెండు మాటలు వేరువేరుగా వస్తవి. శంకరుల భాష్యం ప్రకారం ఏ పక్షమూ పట్టనివాడు ఉదాసీనుడు. కలహించే ఇరువురికీ మేలు కోరేవాడు మధ్యస్థుడు. తిమ్మయ్య గ్రంథంలో కనపడే మనిషి ఈ రెండవవాడు. ‘ఉదాసీనత’ నేటి తెలుగులో అశ్రద్ధ అనే అర్థానికి దిగజారినది, ‘మధ్యస్థం’ పొలంగట్టు తగాదాలకు, పెళ్లి బేరాలకు అంకితమైనది. అయినా అనువాదకుడు ‘మధ్యస్థుడు’ అనే మాటను తిరిగి పైకి తీయడానికి సాహసించవలె. అట్లాగే ‘అబ్జర్వర్’ను ప్రేక్షకుడు అంటే నాటకశాల గుర్తుకు వస్తుంది, పరిశీలకుడు అన్న మాటే మేలు, చూచినదానిని తరచి చూడడం అందులో ఉన్నది.

భారతంలోనే మరి ఇద్దరు యుద్ధానికి దూరంగా ఉండజూచినవారు కనపడతారు. బలరాముడు ఏ పక్షమూ వహించలేక తీర్థయాత్రకు పోయినాడు. తిరిగి వచ్చేసరికి గదాయుద్ధం మొదలు కాబోతున్నది. తొడలు విరుగగొట్టిన అధర్మాన్ని చూచి ఆయన నాగలి ఎత్తినాడు. అంతకాలం దూరంగా ఉన్న మనిషికి చివరిలో ఒక్క దృశ్యం చాలినది. రుక్మి సేనతో వచ్చి ఇరుపక్షాల వద్దా గొప్పలు పలికి ఇద్దరికీ అక్కరలేనివాడై పోయినాడు. కొరియాలో భారతదేశానికి ఈ రెండు పాత్రలూ అంటగట్టజూచినవారు ఉన్నారు. ఒక పక్షం పత్రికలు మనలను రెండవ పక్షం మనుషులమన్నవి, ఆ పక్షం కూడా అదే అన్నది. ఇరువైపులా నింద పడడం తటస్థుడికి సర్టిఫికెట్టు అని కొందరు సంతోషిస్తారు. ఈ వాదం తేలిక అయినది. ఇద్దరూ తిట్టినంతమాత్రాన మధ్యనున్నవాడు ఒప్పు అయిపోడు. తిమ్మయ్య ఆ తేలికదారి పట్టలేదు. ఆయన గౌరవం అక్కడ ఉన్నది.

కంచె అవతలి వైపు నుండి ఈ కథ చెప్పినవాడు ఒక కొరియా రచయిత. చ్వే ఇన్‌హున్ నవల ‘గ్వాంగ్‌జాంగ్’ 1960లో వెలువడినది. దాని నాయకుడు ఈ మ్యాంగ్‌జున్ అనే యువకుడు. దక్షిణంలో తండ్రి రాజకీయం వల్ల పోలీసుల చేత దెబ్బలు తిన్నాడు, ఉత్తరానికి పోయి అక్కడి నినాదాలలో ఊపిరాడక విసిగినాడు, యుద్ధంలో ప్రియురాలిని పోగొట్టుకొన్నాడు, చివరకు ఖైదీ అయినాడు. ఏ దేశానికి పోతావని అధికారులు ఎన్ని విధాల అడిగినా అతడు ఒక్కటే మాట చెబుతాడు: తటస్థదేశానికి. అతనిని ఎక్కించుకొన్న ఓడ పేరు ‘టాగూర్’. గమ్యం భారతదేశం. అతడు గమ్యం చేరలేదు, దారిలో సముద్రంలో మునిగిపోయినాడు.

మన సేనానులు వ్రాసిన వేల వాక్యాల వెనుక దాగిన ప్రశ్న ఈ నవలలో ఒక్క మనిషి శరీరం ధరించినది. రెండు ద్వారాల గుడారంలో మూడవ ద్వారం అడిగినవాడు అతడు. నవల పేరుకు బహిరంగస్థలం అని అర్థం; దానికి ప్రతిగా మనిషి తన కోసం దాచుకొనే లోగది ప్రసక్తి నవల పొడుగునా వస్తుంది. తెలుగు చేయవలసి వస్తే ‘మైదానం’ అనరాదు, ఆ మాట చలంగారి నవలకు చెందిపోయినది. ‘రచ్చ’ సరిపోతుంది. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెతలోని రచ్చ. ఇల్లూ రచ్చా రెండూ పోగొట్టుకొన్నవాడు ఈ నాయకుడు. సేనానుల గ్రంథాలలో రచ్చ ఉన్నది, ఇల్లు లేదు. నవలలో రెండూ ఉన్నవి. నవల చదివినవారు తిరిగి తిమ్మయ్యను చదివితే ఆ గ్రంథంలోని అంకెలు మునుపటివలె చదువుకోలేరు. ప్రతి అంకెకు ఒక ముఖం వస్తుంది. ఇందువల్ల స్మృతిగ్రంథం తక్కువదని చెప్పవలసిన పనిలేదు. ఆ శిబిరాలు ఎట్లా నడిచినవో, ఎవరి ఆజ్ఞ ఎవరికి చెల్లినదో వివరంగా వ్రాసిపెట్టే పని సేనానిది. నవలాకారుని పని ఆ వివరం ఎవరిమీద పడినదో చూపడం. రెండవ పని ఎంత గొప్పగా జరిగినా మొదటిదాని ఋణం తీరదు.

మూడవ ద్వారం కథ కల్పన మాత్రమే కాదు. ఇటూ అటూ పోమన్న ఖైదీలు నిజంగానే ఉన్నారు. 1954 ఫిబ్రవరిలో భారత సేనలు తిరిగివచ్చేటప్పుడు 88 మంది వారితో వచ్చినారు: ఉత్తర కొరియావారు 74 మంది, చైనావారు 12 మంది, దక్షిణ కొరియావారు ఇద్దరు. వారిలో చాలామంది తరువాత బ్రెజిల్, అర్జెంటీనా వంటి దూరదేశాలకు పోయినారు, కొద్దిమంది ఇక్కడనే నిలిచినారు. వారు మొదట అడుగుపెట్టిన రేవు మద్రాసు. ఆనాటి మద్రాసు అంటే ఏమిటో తెలుగు రచయితకు చెప్పనక్కరలేదు. ‘భారతి’ అక్కడనే అచ్చవుతున్నది, ‘ఆంధ్రపత్రిక’ అక్కడనే వెలువడుతున్నది, తెలుగు చలనచిత్రాలు అక్కడనే తయారవుతున్నవి. నగరం మనది కాదని తేలిపోయి, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడి నాలుగు నెలలు దాటినవి. అదే అక్టోబరు తొలి దినాలలో హింద్‌నగర్‌లో కంచె దాటబోయిన ఖైదీలపై భారత సైనికులు కాల్పులు జరిపినారు, ఖైదీలు చనిపోయినారు. గాంధీ దేశపు సైనికుడు శాంతి కోసం పోయి తుపాకి పేల్చవలసి వచ్చిన ఆ వార్త మన వారి ఉత్సవాల సందడిలో ఎంతమందికి చేరినదో ఊహించుకోవచ్చు. తమ రాష్ట్రం తమకు వచ్చినదని సంతోషిస్తున్న జనం, తమ నగరం పోయినదని బాధపడుతున్న జనం ఉన్న రేవులోనే ఏ దేశమూ వద్దన్న 88 మంది దిగినారు. మన కథకులకు ఇంతకన్న సామగ్రి ఏమి కావలె?

ఆ కాల్పుల ప్రసక్తి అనువాదకుడికి మరొక సమస్య తెస్తుంది. సైనిక నివేదికల ఆంగ్లంలో కర్త మాయమవుతాడు. ఎవరో ఏదో చేసినారని ఉండదు. అది చేయబడినదని ఉంటుంది. స్మృతిగ్రంథాలు కూడా ఈ వాసన వదలించుకోలేదు. తెలుగుకు ‘బడు’ ప్రయోగం స్వభావసిద్ధం కాదని మన వైయాకరణులు ఏనాడో చెప్పినారు. అందువల్ల తెలుగు చేసేటప్పుడు ఎవరు కాల్చినారు అన్న ప్రశ్న దానంతట అదే లేచి నిలుచుంటుంది. ‘కాల్పులు జరిగినవి’ అని పత్రికాభాషలో తప్పించుకొనే దారి ఒకటి ఉన్నది గాని, అది మూలంలోని దొంగతనాన్ని తెలుగులోకి కూడా తెచ్చుకోవడమే. కర్తను వెదకి పెట్టే అనువాదం మూలగ్రంథానికి విమర్శ కూడా అవుతుంది.

ఈ అనువాదం ఎవరు చేయవలె అన్నదీ ఆలోచించదగినదే. తెలుగునేల మీద ఉన్నవారి కంటె, సరిహద్దుకు అవతల రెండు మూడు భాషల నడుమ బ్రతికే తెలుగువారికి ఇది ఎక్కువగా పట్టుబడవచ్చు. ఉదాహరణకు భిలాయి, దాని పక్కనే ఉన్న జాముల్. కొరియాలో మధ్యస్థ పాత్రకు భారతదేశాన్ని పంపిన విదేశాంగనీతే, 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వంతో ఒడంబడిక కుదుర్చుకొని ఆ దుర్గు మైదానంలో ఉక్కు కర్మాగారాన్ని నిలిపినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి కొలిమిని ప్రారంభించినారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి కూలికి, కొలువుకు పోయిన తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడినవి. 1965లో జాముల్‌లో సిమెంటు కర్మాగారం వచ్చినది. ఉక్కు కొలిమిలో మిగిలిన ఇనుపచిట్టెం అక్కడ సిమెంటులో కలిసినది. అలీనవిధానం మనకు పత్రికలలోని మాట. అక్కడివారికి రష్యా ఇంజనీరు పక్కన నిలబడి చేసిన పని. ఇంట తెలుగు, బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ పెరిగిన రచయితకు, ఎవరి పక్షమూ పూర్తిగా కాకుండా అందరి నడుమా ఉండడమంటే ఏమిటో నిఘంటువు చూడనక్కరలేదు. అటువంటివారికి అకాడమీలు ఈ పనులను అప్పగించడం మేలు. ఇప్పటికైతే అనువాదాల పంపకంలో రాజధానుల వారికే పెద్దపీట.

మొత్తం గ్రంథాలన్నీ తెలుగు చేయనక్కరలేదు. రిఖీ గ్రంథం నుండి మే 16 రాత్రి మొదలుకొని సేన కదలిపోయేవరకు ఉన్న భాగం చాలు. థోరట్ నుండి ఖైదీల ఆవరణ ఘట్టం. కొరియాకు మొదటిగా పోయిన భారతీయ దళం పోరాట దళం కాదు, లెఫ్టినెంట్ కర్నల్ ఎ. జి. రంగరాజ్ నాయకత్వాన 1950 నవంబరులో పోయిన 60వ పారాచ్యూట్ వైద్యదళం. 1951 మార్చి 23న మున్సాన్-నీ వద్ద అమెరికా సైనికులతో పాటు ఆకాశం నుండి దిగి గాయపడినవారికి చికిత్స చేసిన ఆ దళం కథను పీఠికగా చేర్చవచ్చు. తిమ్మయ్య గ్రంథం మాత్రం సంపూర్ణంగా రావలె, విసుగు పుట్టించే ప్రకరణాలతో సహా. చ్వే ఇన్‌హున్ నవల వేరొక సంపుటంగా, వీలైతే అదే సంవత్సరంలో రావలె. ఆంగ్లం నుండి తెచ్చుకోవడం సులభం. కొరియా భాష తెలిసిన తెలుగువారు ఈనాడు ఉన్నారు గనుక మూలం నుండి తెచ్చుకోవడమే న్యాయం. ఆ రెండు సంపుటాలకూ ఒకే పదకోశం ఉండవలె. సేనాని వ్రాసిన గుడారానికీ, నవలలోని గుడారానికీ తెలుగులో ఒకే మాట పడవలె. ఖైదీ నడచిపోయిన ద్వారానికి కూడా.